పిల్లల్ని ఎవరు చూసుకుంటారని అడిగితే: ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్న ఒక తల్లికి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు మేరీలాండ్‌లో ఉంటున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, మూడేళ్ల పాప, ఏడాది నిండని బాబు ఉన్నారు. రాష్ట్ర చట్టసభలో దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు పోటీ చేయమని స్థానిక పార్టీవాళ్లు అడుగుతున్నారు. ముందుముందు కాంగ్రెస్ దాకా, అంటే దేశ చట్టసభ దాకా, వెళ్లాలన్న ఆశ కూడా మీకుంది. ఈ మాట ఇంట్లో చెప్పగానే అత్తగారు "మరి పిల్లల్ని ఎవరు చూస్తారు?" అన్నారు. ఆఫీసులో స్నేహితురాలూ అదే అడిగింది. చదువుకునే రోజుల్లో, 2008లో, టీవీలో రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్‌ను ఇదే ప్రశ్నతో వేధించడం చూసిన గుర్తు మీకుంది. అప్పటికీ ఇప్పటికీ ఏమైనా మారిందా, జనం ఎలా తీసుకుంటారు, ఏం జవాబు చెప్పాలి అని అడిగారు.

పోటీ చేయండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది వివరిస్తాను.

నేను చాలా ఏళ్లుగా ఇక్కడి ఎన్నికల ప్రచారాల్లో పనిచేస్తున్నాను. ఇంటింటికీ తిరగడం, వాలంటీర్లను పోగేయడం, అభ్యర్థి ఏ రోజు ఎక్కడ ఉండాలో చూసుకోవడం నా పని. చిన్నపిల్లలున్న అమ్మలతో పనిచేశాను, చిన్నపిల్లలున్న నాన్నలతోనూ పనిచేశాను. నాన్న పాపను భుజాన ఎక్కించుకుని వస్తే "ఎంత మంచి తండ్రో" అంటారు. అమ్మ పాపను ఎత్తుకుని వస్తే "పాపం, ఈ ఎండలో పిల్లను తిప్పుతోంది" అంటారు. పాపను ఇంట్లో ఉంచి వస్తే "పాప ఏదమ్మా?" అంటారు. మీరు ఎంత చక్కని ఏర్పాటు చేసుకున్నా ఈ ప్రశ్న ఆగదు. అయితే ఆ ప్రశ్న వెనక ఉన్నది చాలాసార్లు పిల్లల మీద బెంగ కాదు. అది తెలిస్తే జవాబు చెప్పడం తేలికవుతుంది. 2008లో ఇది చాలా స్పష్టంగా బయటపడింది కాబట్టి ముందు దాని గురించే వివరంగా రాస్తాను.

ఆ ఏడాది ఆగస్టు 29న ఒహాయోలోని డేటన్‌లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా పేలిన్‌ను ప్రకటించాడు. అప్పటికి ఆమె అలాస్కా గవర్నరై రెండేళ్లు కూడా కాలేదు. అంతకుముందు వసిల్లా అనే చిన్న ఊరికి మేయర్. ఐదుగురు పిల్లలు. ఆఖరివాడు ఏప్రిల్‌లో పుట్టాడు, డౌన్ సిండ్రోమ్ ఉంది. కాన్పయిన మూడో రోజుకే ఆమె ఆఫీసుకు వచ్చింది. అభ్యర్థిగా ప్రకటించిన మూడు రోజులకు, సెప్టెంబరు 1న, పదిహేడేళ్ల కూతురు గర్భవతి అని కుటుంబమే చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ పసివాడు అసలు పేలిన్ కొడుకే కాదనీ, కూతురి బిడ్డ అనీ ఇంటర్నెట్‌లో అప్పటికే పుకార్లు తిరుగుతున్నాయి. ఒక తల్లి తన బిడ్డ తన బిడ్డేనని దేశానికి రుజువు చేసుకోవాల్సిన పరిస్థితి తెచ్చారు. ఆమె రాజకీయాలతో నేను ఏనాడూ ఏకీభవించలేదు. అయినా ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

ఆ వారంలో ఎవరు ఏ పక్షాన నిలబడ్డారో చూడండి. ఆడవాళ్లు ఉద్యోగాలు చేయాలి, పైకి రావాలి అని ఏళ్ల తరబడి వాదించినవాళ్లలో కొందరు "ఇంత చిన్న బిడ్డ, అందులోనూ ప్రత్యేక అవసరాలున్న బిడ్డ, ఈమె ఎలా చేస్తుంది?" అన్నారు. వాషింగ్టన్ పోస్ట్‌కు చెందిన సాలీ క్విన్ ఆ ప్రశ్నను నేరుగానే రాసింది. తల్లి ఇంట్లో ఉండాలి, పిల్లలే ముందు అని చెప్పుకొచ్చిన సంప్రదాయ పక్షం మాత్రం మూడొంతులు ఆమె వెనక నిలబడింది. వాళ్లలోనూ అందరూ ఒప్పుకోలేదు. రేడియోలో తల్లులకు సలహాలు చెప్పే డాక్టర్ లారా ష్లెసింజర్ ఆ ఎంపికను తప్పుబట్టింది. సెప్టెంబరు 3న రిపబ్లికన్ సభలో రూడీ జూలియానీ లేచి, పిల్లలతో గడపడానికి ఈమెకు సమయం ఉంటుందా అని అడగడానికి వీళ్లకెంత ధైర్యం, ఇదే ప్రశ్న మగవాణ్ణి ఎప్పుడైనా అడిగారా అన్నాడు. హాలు మారుమోగింది. న్యాయమైన మాటే. కానీ అదే మాట ఎదుటి పార్టీ తల్లి కోసం వాళ్లు అని ఉంటే నేనింకా సంతోషించేదాన్ని.

నిజంగా పిల్లల క్షేమమే అందరి బెంగ అయితే పార్టీ మారగానే అభిప్రాయం మారదు. ఇక్కడ రెండు పక్షాలూ ఒక్క వారంలో చోటు మార్చుకున్నాయి. అభ్యర్థి నచ్చకపోతే తల్లితనం తప్పుగా కనిపించింది, నచ్చితే అదే అర్హతగా కనిపించింది. ఇన్నేళ్లలో నేను గమనించింది కూడా ఇదే. ఓటు వేయకూడదని ముందే అనుకున్నవాళ్లకు పిల్లలు ఒక మర్యాదైన సాకు. "ఆమె విధానం నాకు నచ్చలేదు" అంటే చర్చ వస్తుంది. "పాపం పిల్లలు" అంటే ఎవరూ ఎదురు చెప్పరు.

అయితే ఆమె మీద వచ్చిన విమర్శలన్నీ ఈ కోవవి కావు. కేటీ కూరిక్ ఇంటర్వ్యూలో ఏ పత్రికలు చదువుతారని అడిగితే పేలిన్ ఒక్క పేరు కూడా చెప్పలేకపోయింది. విదేశాంగం మీద తడబడింది. అవి అడగాల్సిన ప్రశ్నలే. ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డవాళ్లు ఎవరైనా జవాబు చెప్పాల్సినవే. వాటికీ ఉయ్యాలలో ఉన్న పసివాడికీ ముడిపెట్టడం వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, సరైన విమర్శను కూడా ఆడదానిపై దాడి అని కొట్టిపారేసే వీలు ఆమె పార్టీకి దొరికింది. ఈ విషయంలో ఆ ఎన్నికల్లో అందరికంటే హుందాగా మాట్లాడింది ప్రత్యర్థి ఒబామానే. కుటుంబాల జోలికి పోవద్దు, పిల్లల జోలికి అసలే పోవద్దు, మా అమ్మకు పద్దెనిమిదేళ్లప్పుడు నేను పుట్టాను అని విలేకరులతో చెప్పాడు. ఒబామాకు అప్పుడు ఇద్దరు చిన్న కూతుళ్లు, పదేళ్ల పాప, ఏడేళ్ల పాప. దాదాపు రెండేళ్లు ఊరూరా తిరిగాడు. పిల్లల్ని ఎవరు చూస్తున్నారని అతన్ని నిలదీసినవాళ్లు నాకైతే తారసపడలేదు.

అదే ఎన్నికలో అటువైపు ఉపాధ్యక్ష అభ్యర్థి జో బైడెన్. 1972 నవంబరులో సెనేటర్‌గా గెలిచాడు. డిసెంబరు 18న కారు ప్రమాదంలో భార్య, పదమూడు నెలల పాప చనిపోయారు. ఇద్దరు మగపిల్లలు గాయాలతో ఆసుపత్రిలో. పెద్దవాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. 1973 జనవరిలో ఆ ఆసుపత్రిలోనే ప్రమాణం చేశాడు. చెల్లెలు వచ్చి పిల్లల పెంపకంలో చేయి వేసింది. అతను విల్మింగ్టన్ నుంచి వాషింగ్టన్‌కు రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు. ఇది విన్నవాళ్లెవరికైనా గుండె కరుగుతుంది, కరగాలి కూడా. అంత చిన్నపిల్లల్ని, అంత దెబ్బతిన్న పిల్లల్ని ఇంట్లో ఉంచి సెనేట్‌కు వెళ్లినందుకు లోకం అతన్ని మంచి తండ్రి అంది. ఆ అన్నమాటలో తప్పులేదు. ఒక తల్లి అదే పరిస్థితిలో అదే రైలెక్కి ఉంటే ఏమనేవారో మీరే ఊహించండి.

ఈ కథ 2008లో మొదలైంది కాదు. 1970లో ఇల్లినాయిలో ఫిలిస్ ష్లాఫ్లీ కాంగ్రెస్‌కు పోటీ చేసింది. ఆరుగురు పిల్లల తల్లి. ఇంట్లో ఉండి భర్తనూ పిల్లల్నీ చూసుకోక ఈమెకెందుకు అని ప్రత్యర్థి బాహాటంగానే అన్నాడు. ఓడిపోయింది. ఆ తర్వాత ఆమే స్త్రీ పురుష సమానత్వపు రాజ్యాంగ సవరణను అడ్డుకునే ఉద్యమానికి నాయకురాలై, గృహిణి పాత్రను నెత్తిన పెట్టుకుంది. మళ్లీ 2008లో పేలిన్‌ను సమర్థించింది. ఇంట్లో ఉండటమే గొప్ప అని జీవితమంతా చెప్పినామె కూడా ఆ ప్రశ్నను తప్పించుకోలేకపోయింది కదా, అందుకే ఆమెను గుర్తుచేశాను.

రెండేళ్ల తర్వాత, 1972లో, కొలరాడో నుంచి పాట్ ష్రోడర్ గెలిచింది. పిల్లలకు ఆరేళ్లు, రెండేళ్లు. హ్యాండ్‌బ్యాగులో డైపర్లు పెట్టుకుని సభకు వెళ్లిన మనిషి. తల్లిగా, కాంగ్రెస్ సభ్యురాలిగా రెండూ ఎలా చేస్తావని అడిగితే, నాకు మెదడూ ఉంది గర్భాశయమూ ఉంది, రెండూ వాడతాను అంది. ఆ జవాబు అందరికీ గుర్తుంది. నాకు గుర్తుండేది మరొకటి: పోటీ చేయమని ఆమెను ముందుకు తోసింది భర్తే. గెలిచాక వాషింగ్టన్‌కు కుటుంబంతో మారి అక్కడ తన పని చూసుకున్నాడు. చురుకైన జవాబు అందరికీ రాకపోవచ్చు. అలాంటి ఏర్పాటు మాత్రం అందరికీ కావాలి.

ఏర్పాటు సరిగా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మసాచుసెట్స్ గవర్నర్ జేన్ స్విఫ్ట్ గురించి చదవండి. 2001 ఏప్రిల్‌లో తాత్కాలిక గవర్నరైంది, మేలో కవల ఆడపిల్లలు పుట్టారు. ఆసుపత్రి నుంచే ఫోన్‌లో సమావేశం నడిపితే, అది చెల్లుతుందా అని గవర్నర్ కౌన్సిల్‌లో కొందరు గొడవ చేశారు. భర్త ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకున్నాడు, అయినా ఇబ్బందులు తప్పలేదు. వాళ్ల ఇల్లు రాష్ట్రానికి పడమటి కొసన, బోస్టన్‌కు కారులో గంటల దూరం. అంతకుముందు లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నప్పుడు పాపకు ఒంట్లో బాగాలేదని ప్రభుత్వ హెలికాప్టర్‌లో ఇంటికి వెళ్లడం, ఆఫీసు సిబ్బందితో పాపను చూడమనడం పెద్ద వివాదాలయ్యాయి. రెండోదానికి రాష్ట్ర ఎథిక్స్ కమిషన్ జరిమానా కూడా వేసింది. సిబ్బందిని సొంత పనికి వాడటం తప్పు, అందులో వాదన లేదు. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. గంటల దూరంలో ఇల్లు, రాత్రిళ్లు సమావేశాలు, పసిపిల్ల. ఈ మూడింటికీ ముందే జవాబు లేకపోతే, ఆఖరి నిమిషంలో దగ్గరున్న మనిషి చేతిలో పాపను పెట్టేస్తాం. 2002లో ఆమె తప్పుకుంది, మిట్ రామ్నీ వచ్చాడు. అతనికి ఐదుగురు కొడుకులు.

"పిల్లలు పెద్దయ్యాక వెళ్లొచ్చు కదా" అని మీతో చాలామంది అంటారు. ప్రేమతోనే అంటారు. నాన్సీ పెలోసీ అలాగే చేసింది. ఆరేళ్లలో ఐదుగురు పిల్లలు పుట్టారు. ఆఖరి కూతురు హైస్కూల్ పూర్తిచేసే వేళకు, 1987లో, నలభై ఏడేళ్ల వయసులో మొదటిసారి కాంగ్రెస్‌కు పోటీ చేసింది. 2007లో స్పీకరైంది. ఆ దారీ మంచిదే, ఎవరి దారి వాళ్లది. కానీ చట్టసభల్లో కమిటీ పదవులూ పలుకుబడీ ఎక్కువగా సీనియారిటీని బట్టి వస్తాయి. బైడెన్ ముప్పై ఏళ్లకే సెనేట్‌లో కూర్చున్నాడు. ఆడవాళ్లందరూ పిల్లలు కాలేజీకి వెళ్లేదాకా ఆగితే, మగవాడికి రెండు దశాబ్దాల ముందున్న అవకాశం వీళ్లకు అప్పుడే మొదలవుతుంది. పైగా డేకేర్ ఫీజు కట్టే వయసులో ఉన్న తల్లి ఒక్కరూ సభలో లేకుండా డేకేర్ చట్టాలు రాస్తారు.

పిల్లలు లేకపోతే బాధ లేదా? ఆస్ట్రేలియాలో, తర్వాత ప్రధాని అయిన జూలియా గిలార్డ్‌ను ఒక సెనేటర్ 2007లో "కావాలని గొడ్రాలిగా ఉండిపోయింది" అన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. బ్రిటన్‌లో 2016లో ప్రధాని పదవికి థెరిసా మేకు పోటీగా దిగిన ఆండ్రియా లెడ్సమ్, తల్లిని కాబట్టి భవిష్యత్తులో నాకు నేరుగా వాటా ఉందన్నట్టు మాట్లాడింది. గగ్గోలు పుట్టింది, ఆమె క్షమాపణ చెప్పి పోటీ నుంచే తప్పుకుంది. ఇక్కడ రిపబ్లికన్ నాయకుడు జె.డి. వాన్స్ పిల్లల్లేని ఆడవాళ్ల గురించి 2021లో అన్న మాటలు 2024 ఎన్నికల్లో మళ్లీ బయటికొచ్చి ఎంత దుమారం రేపాయో మీకు తెలుసు. ఈ లెడ్సమ్ సంగతి మీరు బాగా గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలు మీ ఓపికను, మీ కష్టాన్ని చూపించవచ్చు. వాళ్లు మీ అర్హత మాత్రం కారు. "నేను తల్లిని కాబట్టి నాకు ఎక్కువ తెలుసు" అన్న మాట మీ కరపత్రంలో ఎక్కడా ఉండకూడదు. ఆ మాట అంటే రేపు మీ తల్లితనాన్ని కొలిచే హక్కు ఎదుటివాళ్లకు మీరే ఇచ్చినట్టు.

ఏమైనా మారిందా అని అడిగారు. మారింది, నిజంగానే. 1988లో పాకిస్తాన్ ఎన్నికలకు రెండు నెలల ముందు బేనజీర్ భుట్టోకు కొడుకు పుట్టాడు. ఆమె గర్భాన్ని లెక్కలో పెట్టుకునే సైనిక పాలకుడు జియా ఎన్నికల సమయం నిర్ణయించాడని చాలామంది నమ్మారు. ప్రధాని అయ్యాక 1990 జనవరిలో కూతురు పుట్టింది. ఎన్నికైన ప్రభుత్వాధినేతకు పదవిలో ఉండగా కాన్పు కావడం ప్రపంచంలో అదే మొదలు. గర్భం సంగతి దాదాపు రహస్యంగా దాచుకుని, కాన్పయిన వెంటనే పనిలోకి రావాల్సి వచ్చింది. మళ్లీ అలాంటిది 2018 జూన్ 21న న్యూజిలాండ్‌లో జరిగింది. జసిండా ఆర్డెర్న్ ఆరు వారాల సెలవు బహిరంగంగా తీసుకుంది, ఉప ప్రధాని ఆ కాలం ప్రభుత్వాన్ని నడిపాడు, సెప్టెంబరులో పసిపాపతో ఐక్యరాజ్యసమితికి వచ్చింది. పాపను చూసుకునేది తన భాగస్వామి క్లార్క్ గేఫోర్డ్ అని దేశమంతటికీ తెలుసు. దాచుకోవడం నుంచి సెలవు పెట్టుకోవడం దాకా రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. అయినా అదే ఆర్డెర్న్‌ను పార్టీ నాయకురాలైన కొద్ది గంటల్లోనే, 2017లో, పిల్లల్ని కనే ఆలోచన ఉందా అని టీవీలో అడిగారు.

అమెరికాలో 2018 ఏప్రిల్‌లో సెనేటర్ టామీ డక్‌వర్త్ కోసం నియమం మార్చి, ఏడాదిలోపు బిడ్డల్ని సభలోకి రానిచ్చారు. మర్నాడే ఆమె పది రోజుల పాపతో వచ్చి ఓటేసింది. ప్రతినిధుల సభ మాత్రం ఇంకా మొరాయిస్తూనే ఉంది. 2025 ఫిబ్రవరిలో కొలరాడో సభ్యురాలు బ్రిటనీ పెటర్సన్ నాలుగు వారాల బాబును వెంటపెట్టుకుని విమానమెక్కి ఓటుకు రావాల్సి వచ్చింది. బాలింతలు తమ ఓటు మరొకరితో వేయించుకునేలా నియమం మార్చాలని ఆమె, రిపబ్లికన్ సభ్యురాలు ఆనా పౌలీనా లూనా కలిసి పోరాడారు. ఓటింగ్ దాకా రానివ్వకుండా నాయకత్వం అడ్డుపడింది. మన దేశంలోనూ 2022 డిసెంబరులో మహారాష్ట్ర ఎమ్మెల్యే సరోజ్ అహిరే రెండున్నర నెలల బాబుతో నాగపూర్ సమావేశాలకు వచ్చింది. మెచ్చుకున్నవాళ్లు చాలామంది. కానీ బిడ్డకు పాలివ్వడానికి సరైన గది కోసం ఆమె ఆ తర్వాత సమావేశాల్లో కూడా అడగాల్సి వచ్చింది.

ఇక మనవాళ్ల సంగతి. గుడి దగ్గరో, తెలుగు సంఘం విందులోనో మీరు ఈ మాట ఎత్తగానే వినబడేది "ఇంట గెలిచి రచ్చ గెలవాలమ్మా" అనే. ఆ సామెత మగవాళ్లకు చెప్పేటప్పుడు ఇల్లంటే ఊరు, బంధువులు, సొంతవాళ్ల మద్దతు. మీకు చెప్పేటప్పుడు ఇల్లంటే వంటిల్లు, పిల్లల హోంవర్కు. ఒకసారి ఒక పెద్దమనిషి మా అభ్యర్థి చేతికి విరాళం చెక్కు ఇస్తూ "మీ ఆయన ఒప్పుకున్నాడా తల్లీ?" అన్నాడు. ఆయన మంచివాడే, చెక్కు కూడా మంచి మొత్తమే. ఆ మాట మాత్రం ఆమెను రోజంతా బాధపెట్టింది.

ఇలా అనడానికి కారణం లేకపోలేదు. మనం చిన్నప్పటి నుంచి చూసిన నాయకురాళ్లలో ఎక్కువమంది పిల్లలు ఎదిగాక వచ్చినవాళ్లు, లేదా భర్త పోయాక వచ్చినవాళ్లు. ఇందిరాగాంధీ 1966లో ప్రధాని అయ్యేసరికి కొడుకులకు ఇరవై ఒకటి, పంతొమ్మిది. సబితా ఇంద్రారెడ్డి భర్త ప్రమాదంలో పోయాక రాజకీయాల్లోకి వచ్చి, 2009లో ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయింది. లేదంటే జయలలితలా అందరికీ అమ్మ, మమతలా అందరికీ అక్క. చంకలో సొంత పసిబిడ్డ ఉన్న నాయకురాలు మన కళ్లకు అలవాటు కాలేదు. అలవాటు లేనిదాన్ని మనవాళ్లు తప్పు అంటారు. నాలుగుసార్లు చూస్తే ఊరుకుంటారు.

మీ రాష్ట్రంలోనే అరుణా మిల్లర్ ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్లప్పుడు ఈ దేశానికి వచ్చింది. మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్లు, రవాణా విభాగంలో సివిల్ ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేసింది. ముగ్గురు కూతుళ్ల తల్లి. 2010లో మీరిప్పుడు అనుకుంటున్న హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కే గెలిచింది. 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడింది. 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసింది. ఓడిన తర్వాత మళ్లీ నిలబడటం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. మీ అత్తగారికి పేలిన్ కథ కంటే ఈ కథ చెప్పండి.

ఇప్పుడు మీ పని. "పిల్లల్ని ఎవరు చూస్తారు?" అని ఓటరు అడిగితే కోపం చూపకండి, క్షమాపణ అడిగినట్టూ మాట్లాడకండి. "మగవాళ్లను అడుగుతారా?" అని ఎదురు ప్రశ్న కూడా వేయకండి. అది న్యాయమే అయినా గుమ్మం దగ్గర నిలబడి ఓటు అడిగేటప్పుడు పనికిరాదు. మనిషి పేరు చెప్పండి. "మా ఆయన, డేకేర్, వారాంతాల్లో మా తమ్ముడి కుటుంబం. డేకేర్‌కు ఇంటి అద్దెకంటే ఎక్కువ అవుతోంది. దాని గురించే రాష్ట్ర రాజధాని అన్నపోలిస్‌లో మాట్లాడదామని నిలబడుతున్నాను. మీకెంత అవుతోంది?" అంతే. నాలుగు వాక్యాల్లో ప్రశ్న మీ నుంచి వాళ్ల ఇంటికి వెళ్తుంది, అక్కడి నుంచి చట్టసభకు వెళ్తుంది. తండ్రి పేరు ముందు చెప్పడం ముఖ్యం. పిల్లల పెంపకం తల్లి ఒక్కదాని పని అనుకోవడం వల్లే ఆ ప్రశ్న పుడుతోంది. మాటలతో వాదించే బదులు ఇంకో మనిషి ఉన్నాడని చూపిస్తే చాలు. ఆ మాట నిజమై ఉండాలి మరి. మీ వారు సాయంత్రం ఆరింటికి పిల్లల్ని డేకేర్ నుంచి తెచ్చి, అన్నం పెట్టి, నిద్రపుచ్చడం ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. ప్రచారం మొదలయ్యాక నేర్చుకోవడం కుదరదు. ఇంటింటి ప్రచారం జరిగేదే సాయంత్రాలు, శనివారాలు, ఆదివారాలు.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. మేరీలాండ్ అసెంబ్లీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా తొంభై రోజులే కూర్చుంటుంది. ఇల్లు అన్నపోలిస్‌కు కారులో రోజూ వెళ్లొచ్చేంత దూరంలో ఉంటే, స్విఫ్ట్‌కు వచ్చిన చిక్కు మీకు రాదు. కానీ ఆ తొంభై రోజులూ రాత్రి ఎన్నింటికి వస్తారో చెప్పలేరు. పైగా చలికాలం, డేకేర్ పిల్లలకు జలుబూ జ్వరాలూ తగ్గని కాలం. పిల్లకు జ్వరమొస్తే సెలవు పెట్టేది ఎవరో ముందే కాగితం మీద రాసుకోండి.

మీ అమ్మగారిని రప్పించుకుందామని కూడా అనుకుంటూ ఉంటారు. మనందరం చేసే పనే అది. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఒక్కోసారికి ఆరు నెలలే ఉండనిస్తారు. ప్రచారం ఏడాదికి పైగా సాగుతుంది. కాబట్టి ఆవిడ ఉన్నప్పుడు అదనపు సాయంగా లెక్కవేసుకోండి, ఆవిడ మీదే మొత్తం ఆధారపడకండి.

డబ్బు. 2018లో న్యూయార్క్‌లో లియూబా గ్రెచెన్ షర్లీ అనే ఇద్దరు చిన్నపిల్లల తల్లి కాంగ్రెస్‌కు పోటీ చేస్తూ, ప్రచారం వల్ల అయ్యే పిల్లల సంరక్షణ ఖర్చును ప్రచార నిధుల నుంచి కట్టుకోవచ్చా అని ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌ను అడిగింది. కమిషన్ ఏకగ్రీవంగా సరేనంది. ఆమె ఆ ఎన్నికలో గెలవలేదు గానీ, ఆమె తెచ్చిన తీర్పు వాడుకుని తర్వాత ఎందరో తల్లులు, తండ్రులు పోటీ చేశారు. 2024 నుంచి ఫెడరల్ అభ్యర్థులు జీతం తీసుకునే నిబంధనలు కూడా మెరుగయ్యాయి. ఇవి కాంగ్రెస్, సెనేట్, అధ్యక్ష ఎన్నికలకు. రాష్ట్ర పదవికి రాష్ట్ర నిబంధనలే వర్తిస్తాయి, కాబట్టి స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎలక్షన్స్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే ఒక్క డాలరైనా వాడండి.

విరాళాల్లో మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వాలి. హెచ్1బీ మీద ఉన్న స్నేహితులు, ఇండియాలో ఉన్న బంధువులు ఇవ్వకూడదు. స్థానిక ఎన్నికలకు కూడా ఇదే చట్టం. వాళ్ల డబ్బు మీ వారి ఖాతా ద్వారా రావడం ఇంకా పెద్ద తప్పు. జీతం లేకుండా వాలంటీర్లుగా ఫోన్లు చేయొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. ఈ విషయం గుడిలో మొదటి సమావేశంలోనే చెప్పేయండి, లేకపోతే ప్రేమకొద్దీ చెక్కులు రాసేస్తారు.

పిల్లల ఫొటోలు. ఒకటి చాలు, కుటుంబమంతా ఉన్నది. పేర్లు, బడి, డేకేర్ వివరాలు ఎక్కడా రాకూడదు. సభల్లో వేదిక ఎక్కించకండి. పేలిన్ పిల్లల్ని వేదిక మీదకు తెచ్చారు కాబట్టి వాళ్ల గురించి మాట్లాడొచ్చని కొందరు వాదించారు. అది తప్పుడు వాదనే, కానీ ఆ వాదనకు చోటివ్వడం ఎందుకు? మీ పాప రేపు పదేళ్లకు ఇంటర్నెట్‌లో తన పేరు వెతుక్కుంటుంది.

అత్తగారి ప్రశ్నకు జవాబు మీరు చెప్పకండి, మీ వారిని చెప్పనివ్వండి. "అమ్మా, నేను చూసుకుంటాను" అని కొడుకు నోట వస్తే ఆవిడకు సగం బెంగ తీరుతుంది. ఆవిడ బెంగ మీ ఓటర్ల బెంగలాంటిది కాదు, ఆవిడకు మనవల మీద నిజమైన ప్రేమ ఉంది. ఏయే సాయంత్రాలు ఎవరు ఇంట్లో ఉంటారో క్యాలెండర్ చూపించి చెప్పమనండి.

పార్టీవాళ్లకు ఒప్పుకునే ముందు వాళ్లను కూర్చోబెట్టి మూడు విషయాలు అడగండి. ప్రైమరీలో వాళ్లు బాహాటంగా మీ పక్షాన నిలబడతారా, లేక గెలిచాక వస్తారా? మొదటి మూడు నెలల్లో విరాళాల కోసం ఎవరెవరికి మిమ్మల్ని పరిచయం చేస్తారు? సాయంత్రం ఏడు తర్వాత జరిగే సమావేశాల్లో ఎన్నింటికి ఆన్‌లైన్‌లో రావచ్చు? ఈ మూడో ప్రశ్నకు వాళ్లు తడబడితే, మీకంటే ముందు ఏ తల్లినీ వాళ్లు ఈ మాట అడగలేదని తెలుసుకోండి. ఆ ఏర్పాటు పూర్తిచేయించాకే నామినేషన్ పత్రాలు తీసుకోండి.